తెగని కేబుల్‌కు సంజాయిషీ

నా సెక్షన్‌లో ఏడాదిగా ఒక్క కేబులూ తెగలేదని నాకు మెమో వచ్చింది. తెగినందుకు మెమో రావడం మా టెలిఫోన్ సంస్థలో మామూలే. తెగనందుకు రావడం ఇదే మొదలు. చేత్తో రాసిందైతే ఎవరో ఆకతాయి పని అనుకుందును. కింద జనరల్ మేనేజర్ త్రివిక్రమరావు గారి సంతకం నిక్షేపంగా ఉంది.

"తోటవలస సెక్షన్ నందు గత సంవత్సర కాలముగా కేబుల్ అంతరాయములు శూన్యముగా నమోదైనందున, సుపథం వ్యవస్థకు తన సామర్థ్యమును ప్రదర్శించు అవకాశము లభించలేదు. ఈ నిర్లక్ష్యమునకు తగు సంజాయిషీ వారము లోపల సమర్పించవలెను. లేనిచో సెక్షన్ కొనసాగింపు విషయము పునఃపరిశీలించబడును."

చివరి వాక్యానికి అర్థం నాకు తెలుసు. తోటవలస ఎక్స్‌ఛేంజికి తాళం పడుతుంది. ఇంజనీరునైన నన్ను ఎక్కడికో విసిరేస్తారు. లైన్‌మన్ పైడినాయుడిని ఇంకెక్కడికో పంపుతారు. ఆ తర్వాత ఈ జీడితోటల మధ్య కేబుల్ తెగితే పలికే నాథుడుండడు. మా వైపు ఏ కంపెనీ సెల్ టవరైనా చివరికి మా కేబుల్‌నే అద్దెకు తీసుకుని బతుకుతోంది. అది పోతే పోస్టాఫీసు నుంచి ఆసుపత్రి దాకా అన్నీ మూగబోతాయి.

సుపథం అంటే ఏమిటో చెప్పాలి. అది కంప్యూటర్లో ఉండే ఒక ప్రోగ్రాం. ఎక్కడైనా కేబుల్ తెగితే కాల్స్ ఏ దారిన మళ్లించాలో మనిషి ప్రమేయం లేకుండా అదే లెక్క వేసుకుని, రెప్పపాటులో మళ్లిస్తుంది. మంచి యంత్రమే. దాని తప్పు ఇందులో ఏమీ లేదు. వచ్చిన రోజున దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మెడ లేకపోయినా మెడలో దండ వేశారు. దండ ఫ్యానుకి అడ్డం పడి యంత్రం వేడెక్కితే, సాంకేతిక విభాగం వాళ్లు వచ్చి దండ తీసేశారు. అందుకు వాళ్లకీ మెమో వెళ్లింది.

చిక్కంతా తెర పైభాగాన పెద్ద అక్షరాలతో వెలిగే అంకెతో వచ్చింది. "విజయవంతమైన మళ్లింపులు" అని దాని పేరు. కేబుల్ తెగి, సుపథం దారి మళ్లించినప్పుడల్లా అది ఒకటి పెరుగుతుంది. పై ఆఫీసు వాళ్లకి ఆ అంకె నచ్చింది. నచ్చిన అంకె పెరగాలని ఎవరికైనా ఉంటుంది. పెరగడానికి ఏం జరగాలో ఎవరూ ఆలోచించలేదు.

నా సెక్షన్‌లో ఆ అంకె సున్నా. దానికి కారణం నేనే. మా వైపు కేబుళ్లకి యముడు జేసీబీ. రోడ్డు వెడల్పు చేసినా, నీళ్ల పైపు వేసినా అది మొదట కొరికేది మా కేబుల్‌నే. అందుకని ఏటా ఆయుధ పూజ నాడు మండలంలో ఉన్న జేసీబీ డ్రైవర్లందరినీ ఎక్స్‌ఛేంజికి పిలుస్తాను. బండ్లన్నీ ఆవరణలో వరసగా నిలబెడతారు. నేను ఒక్కొక్క బకెట్‌కీ పసుపు రాసి బొట్టు పెడతాను. పైడినాయుడి భార్య పులిహోర, పనసకాయ కూర వండుతుంది. తిన్నాక డ్రైవర్లు బకెట్ మీద చెయ్యి వేసి, నాకు ఫోన్ చెయ్యకుండా తోటవలస గడ్డ మీద గొయ్యి తియ్యమని ఒట్టు వేస్తారు. ఫోన్ రాగానే పైడినాయుడు గొడుగు పట్టుకుని వెళ్లి గొయ్యి పక్కన నిలబడతాడు. ఇదీ మా సాంకేతిక పరిజ్ఞానం.

సంజాయిషీలో ఈ సంగతే రాశాను. జిల్లా సమావేశానికి రమ్మన్నారు.

వేదిక మీద త్రివిక్రమరావు గారి పక్కన, ఎన్నడూ లేనిది, పక్క సెక్షన్ ఇంజనీరు కూర్మారావు కూర్చుని ఉన్నాడు. ఆయన సెక్షన్‌లో కేబుళ్లు తాటాకు పందిట్లో తోరణాల్లా తెగుతాయి. నిరుడు ఇదే హాల్లో ఆయన్ని నిలబెట్టి కడిగేశారు. ఈసారి శాలువా కప్పారు.

"కూర్మారావు గారి సెక్షన్ సుపథానికి నిత్యం సవాళ్లు విసురుతోంది," అన్నారు జనరల్ మేనేజర్. "ఆ సవాళ్ల వల్లనే వ్యవస్థ రాటుదేలుతోంది. తమ విజయ రహస్యం నాలుగు మాటల్లో చెప్పవలసిందిగా కోరుతున్నాను."

కూర్మారావు లేచాడు. పాపం, అబద్ధం ఆడే మనిషి కాదు. "నానేటి సేసినానండీ? ఏటీ సెయ్యలేదండి. అదే తెగిపోతంది," అన్నాడు.

హాలంతా చప్పట్లు. ఎంత వినయం అనుకున్నారు.

తర్వాత నా వంతు. "అప్పలకొండ గారూ, మీ సున్నాకి కారణం?" అని అడిగారు.

"కేబుల్ తెగనివ్వడం లేదండి."

"అంటే యంత్రానికి పని కల్పించడం లేదన్నమాట. కోట్లు పెట్టి తెచ్చిన వ్యవస్థ మీ సెక్షన్‌లో గోళ్లు గిల్లుకుంటోంది. ఇది జాతీయ వనరుల వృథా కాదా?"

"తెగితే జనానికి ఇబ్బంది కదండీ?"

"మళ్లింపు ఉండగా ఇబ్బంది ఎక్కడిది? మీరు ఇంకా పాత కాలపు ఆలోచనలోనే ఉన్నారు. నిర్వహణ అనేది గతం. స్థితిస్థాపకత అనేది భవిష్యత్తు." ఆ మాట ఆయన ఎక్కడో శిక్షణలో నేర్చుకుని వచ్చారు. దెబ్బ తిన్నా తట్టుకుని నిలబడటం అని దాని అర్థమట. అప్పటినుంచి ఆఫీసులో లిఫ్టు ఆగినా అదే మాట అంటున్నారు.

ఈ త్రైమాసికంలో తోటవలస కనీసం ఒక్క మళ్లింపైనా చూపించాలని, లేకపోతే సెక్షన్ మూసివేత తప్పదని తేల్చేశారు. సరే, మేమే ఒకచోట తెంపుతామన్నాను. ఆడిట్ అధికారి ఉలిక్కిపడ్డాడు. ప్రభుత్వ ఆస్తిని సిబ్బంది ధ్వంసం చేస్తే నేరమట. తెగుదల సహజంగా ఉండాలట. బయటివారి వల్ల, అనుకోకుండా, అయితే గడువు లోపల జరగాలట.

నేను తిరిగి వచ్చి జేసీబీ డ్రైవర్ జోగారావుని పిలిపించాను. ఎక్స్‌ఛేంజి వెనక మలుపులో కొంచెం లోతుగా తవ్వి పెట్టమన్నాను.

జోగారావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అదెలగమ్మా? బొట్టెట్టి ఒట్టేయించింది తవరే. ఇప్పుడు తెంపీమన్నది తవరే. ఒట్టు తప్పితే మా బండి ఇంక మాకు కూడు పెడతందా?"

"నా ఉద్యోగం కోసంరా జోగారావూ."

"తవరి ఉజ్జోగం కోసం గొయ్యి తవ్వమంటే నూరు తవ్వుతాను. ఒట్టు మాటకొస్తే మాత్రం నా వల్ల కాదు. ఇంకే డ్రైవర్నడిగినా ఇదే మాట అంటాడు." పైడినాయుడు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. నాకు ఏడవాలో గర్వపడాలో తెలియలేదు.

ఈలోగా జిల్లాలో పెద్ద మార్పు వచ్చింది. కూర్మారావు తెగిన కేబుళ్లని అలవాటు కొద్దీ బాగు చేయిస్తుంటే జనరల్ మేనేజర్ ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. "సుపథం ప్రత్యామ్నాయ మార్గమును కల్పించిన పిమ్మట, తెగిన మార్గమును పునరుద్ధరించుట ద్వంద్వ వ్యయము. తెగి ఉన్న కేబుల్ మరల తెగే ప్రమాదము లేదు గనుక అదియే అత్యంత సురక్షితమైన కేబుల్." ఆ వెనకే పై ఆఫీసు నుంచి చైర్మన్ గారి సర్క్యులర్ వచ్చింది: ఇకమీదట ఏ కేబుల్ అతకాలన్నా ఆయన మంజూరు ఉండాలి. అది కూడా నోటితో చెల్లదు, కాగితం మీద చెల్లదు. కంప్యూటర్లో, ఆయన వేలిముద్రతో రావాలి.

అతుకులు ఆగిపోయాయి. తెగడం మాత్రం ఆగలేదు. కాల్స్ ఊళ్లు పట్టుకు తిరగడం మొదలుపెట్టాయి. పక్క ఊరి బజారు నుంచి బస్టాండుకి ఫోన్ చేస్తే అది రాయపూర్ వెళ్లి, నాగపూర్ చూసుకుని, హైదరాబాదులో కాస్త ఆగి వచ్చేది. "హలో" అన్నాక ఒక తమలపాకు చుట్టుకుని నోట్లో పెట్టుకునేంతసేపటికి అవతల "ఆఁ" వినపడేది. జీడిపప్పు వేలంలో పాట అయిపోయాక వ్యాపారుల పాటలు చేరేవి. మొగుడూ పెళ్లాల తగాదాలు మాత్రం తగ్గాయని జిల్లాలో అందరూ ఒప్పుకున్నారు. తిట్టిన తిట్టు అవతలికి చేరేసరికి తిట్టినవాళ్లకి కోపం పోయేది. దీన్ని కూడా జనరల్ మేనేజర్ నివేదికలో చేర్చారు. "కుటుంబ సామరస్యమునకు సంస్థ తోడ్పాటు" అని శీర్షిక.

చివరికి జిల్లాలో తెగకుండా మిగిలింది ఒక్క తోటవలస కేబుల్. సుపథం పాపం నిజాయితీగా జిల్లా మొత్తాన్ని నా కేబుల్ మీదికే తెచ్చి, తెర మీద ఎర్రటి అక్షరాలతో రాసింది: ఇక వేరే మార్గం లేదు. ఎరుపు అతిథుల కంటికి బాగుండదని త్రివిక్రమరావు గారు దాన్ని లేత నీలానికి మార్పించారు.

అతిథులంటే చైర్మన్ గారు. ఆయన స్వయంగా వచ్చి సుపథం మహిమ ప్రత్యక్షంగా చూస్తారట. రిబ్బనుకి బదులు ఆయన చేత్తో ఒక కేబుల్ కత్తిరిస్తే, కాల్స్ దారి మళ్లడం తెర మీద అందరికీ చూపిస్తారట. కత్తిరించాలంటే తెగని కేబుల్ కావాలి కదా. అది మా దగ్గరే ఉంది. చైర్మన్ గారు తెంపితే ధ్వంసం కాదు, ఆవిష్కరణ అని ఆడిట్ అధికారి కూడా ఒప్పుకున్నాడు.

నేను జిల్లా ఆఫీసుకి పరుగెత్తాను. "సార్, ఇదొక్కటే మిగిలింది. ఇది తెంపితే మళ్లించడానికి దారే లేదు."

"దారి వెతకడం యంత్రం పని. దాని పని మీరు చెయ్యకండి."

"ఉంటే కదండీ వెతుకుతుంది?"

త్రివిక్రమరావు గారు జాలిగా చూశారు. "అప్పలకొండ గారూ, మీలో ప్రతికూల దృక్పథం ఉంది. మీ సెక్షన్‌కి మొదటి మళ్లింపు చైర్మన్ గారి అమృత హస్తాలతో రాబోతోంది. మీ సెక్షన్ నిలబడుతుంది. ఇంకేం కావాలి మీకు?"

నా కేబుల్ కావాలి అన్నాను. ఆయన ఫోన్ మోగింది. అవతలివాళ్లు ఇంకా "హలో"కి జవాబివ్వకముందే నన్ను పంపించేశారు.

ఆ రోజు రానే వచ్చింది. రోడ్డు పక్కన షామియానా, కుర్చీలు, సన్నాయి. కూలీలు తవ్విన గోతిలో నా కేబుల్‌కి బంతిపూల దండ చుట్టారు. బలి మేకకి కట్టినట్టే కట్టారు. వేదిక మీద పెద్ద తెర. పై ఆఫీసులో ఉన్న సుపథం ఏం చేస్తోందో ఆ తెర మీద కనపడుతుంది. ఆ బొమ్మ వచ్చేది కూడా అదే కేబుల్ మీద అని సాంకేతిక విభాగం కుర్రాడు నాకు చెప్పి, ఇంకెవరికీ చెప్పొద్దన్నాడు.

చైర్మన్ గారు వెండి పూత కత్తెరతో కేబుల్ కత్తిరించారు. తెర మీద బొమ్మ ఎక్కడిదక్కడ నిలిచిపోయింది. నిలిచినప్పుడు గీతలన్నీ పచ్చగా ఉన్నాయి. అవి పచ్చగానే ఉండిపోయాయి.

"చూశారా! చలించలేదు!" అన్నారు త్రివిక్రమరావు గారు. చప్పట్లు మోగాయి. "కేబుల్ తెగిన ఈ క్షణం నుంచి జిల్లాలో ఒక్క ఫిర్యాదు కూడా రాలేదని సగర్వంగా మనవి చేస్తున్నాను!"

ఫిర్యాదు చెయ్యాల్సింది ఫోన్‌లో. పైడినాయుడిని చూశాను. వాడు అప్పటికే అతుకుల పెట్టె తెచ్చి గోతి గట్టున కూర్చున్నాడు.

చైర్మన్ గారి ప్రసంగం సగంలో ఉండగా ఆసుపత్రి నర్సు సువార్త ఆటోలోంచి దిగి, కుర్చీల మధ్యనుంచి ఆయాసపడుతూ వచ్చింది. "మేడమ్, మా దగ్గర చేరిన బంగారమ్మకి ఎప్పుడో నొప్పులు మొదలయ్యాయి, ఇప్పటిదాకా బిడ్డ రాలేదు. రక్తం పోతోంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. అంబులెన్స్‌కి ఎంత కొట్టినా ఫోన్ పోవట్లేదు. ఏ కంపెనీదీ పోవట్లేదు మేడమ్!"

త్రివిక్రమరావు గారు కిందికి వంగి, గొంతు తగ్గించి, "అమ్మా, వ్యవస్థ సవ్యంగానే ఉంది. తెర చూడండి. ఇబ్బంది ఉంటే ఫిర్యాదు నంబరుకి ఫోన్ చెయ్యండి," అన్నారు.

సువార్త చేతిలో ఉన్న ఫోన్ ఆయన చెవికి ఆనించింది. "మీరే చెయ్యండి సార్."

ఆయన విన్నారు. వినడానికేమీ లేదు.

నేను సరాసరి వేదిక ఎక్కాను. "సార్, మీ కారు కావాలి," అన్నాను చైర్మన్ గారితో. ఆయన తెర వైపు చూశారు, నా వైపు చూశారు, తర్వాత కెమెరాలు తన వైపు తిరుగుతుండటం చూశారు. వెంటనే కరుణ పొంగింది. "తప్పకుండా, తప్పకుండా," అన్నారు. సువార్త డ్రైవర్ పక్కన ఎక్కింది. కారు సైరన్ వేసుకుని ఆసుపత్రి వైపు వెళ్లింది.

ప్రసంగం అయింది. భోజనాలయ్యాయి. చైర్మన్ గారికి విమానం వేళ దగ్గరపడింది, కారు లేదు. ఇంకో కారుకి ఫోన్ చెయ్యబోయారు. అప్పుడు ఆయనకి మొదటిసారి సంగతి తెలిసింది.

"ఇదేమిటయ్యా, ఆ కేబుల్ వెంటనే అతికించండి!" అన్నారు.

త్రివిక్రమరావు గారు చేతులు నలుపుకున్నారు. "మంజూరు కావాలి సార్."

"మంజూరు ఎవరివ్వాలి?"

"తమరే సార్. కానీ కంప్యూటర్లో ఇవ్వాలి. కంప్యూటర్‌కి నెట్‌వర్క్ కావాలి. నెట్‌వర్క్‌కి కేబుల్ అతకాలి. అతకడానికి తమ మంజూరు..."

"నోటితో చెబుతున్నాను కదా!"

"నోటి మంజూరు చెల్లదని తమరే సర్క్యులర్ ఇచ్చారు సార్. అద్భుతమైన సర్క్యులర్."

వాళ్లిద్దరూ ఈ చుట్టే తిరుగుతుండగా గోతిలోంచి పైడినాయుడు తల పైకెత్తాడు. "అమ్మగోరూ, అతికిపోనాది," అన్నాడు. ఎవరు మంజూరు చేశారని ఆడిట్ అధికారి అడిగాడు. నేనే అన్నాను. అంతలో షామియానాలో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. జిల్లా ఫిర్యాదులన్నీ గుమ్మం దగ్గర కాచుకుని ఉన్నట్టున్నాయి. తెర మీద పచ్చగీతలు ఎర్రబడ్డాయి. లేత నీలం సంగతి సుపథం మరిచిపోయింది.

బంగారమ్మకి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమమని సువార్త ఫోన్ చేసింది. ఆ కబురు రాయపూర్ చుట్టూ తిరక్కుండా తిన్నగా వచ్చింది. ఎక్స్‌ఛేంజి మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను.

వారం తిరిగేసరికి విచారణ. కేబుల్ తెగి ఉన్నంతసేపూ ఫిర్యాదులు సున్నా, అతికిన మరుక్షణం వేలు, కనుక అతకడమే లోపం అని తేల్చారు. ఇక తాళం ఖాయం అనుకుని సామాన్లు సర్దుకున్నాను. కానీ త్రివిక్రమరావు గారు పిలిచి, ఎంతో ప్రేమగా, ఒక నివేదిక నా ముందు పెట్టారు. అంబులెన్స్ మార్గం విఫలమైన తరుణంలో ప్రసూతి రోగిని చైర్మన్ గారి కారు ద్వారా విజయవంతంగా మళ్లించినట్టు అందులో ఉంది. మళ్లించింది సుపథం. తోటవలస సెక్షన్ మళ్లింపులు: ఒకటి.

"సంతకం పెట్టండి. లక్ష్యం పూర్తయింది. సెక్షన్ ఉంటుంది, మీరుంటారు, పైడినాయుడుంటాడు," అన్నారు.

"అది యంత్రం చెయ్యలేదండి."

"ఎవరు చేశారన్నది ముఖ్యం కాదు. అంకె ముఖ్యం."

నా కేబుల్‌ని కనిపెట్టుకుని ఉండాలంటే నేను అక్కడ ఉండాలి. సంతకం పెట్టాను.

కొత్త త్రైమాసికం లక్ష్యాలు నిన్న వచ్చాయి. తోటవలస మంచి ఆరంభం చేసిందని మెచ్చుకుంటూ లక్ష్యం పెంచారు: నలుగురు గర్భిణులు. త్రివిక్రమరావు గారికి ఫోన్ చేసి, ఆ నలుగురినీ ఎవరు ఎంపిక చేస్తారని అడిగాను.

"మీకెందుకండీ ఆ శ్రమ?" అన్నారాయన. "సుపథమే చేస్తుంది. ఊళ్లో నెలలు నిండుతున్నవాళ్ల పేర్లు మాత్రం పంపండి."